విషవాయువు నుండి అణుబాంబు వరకు: జేమ్స్ ఫ్రాంక్ జీవితంలో శాస్త్రజ్ఞుని నైతిక బాధ్యత

కనుగొనడం శాస్త్రజ్ఞుని పని, దాని వినియోగాన్ని నిర్ణయించడం పాలకుల పని అనే వాదన చాలా కాలంగా వినబడుతూనే ఉంది. ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడానికి జర్మన్ భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ ఫ్రాంక్ (1882–1964) జీవితం తోడ్పడుతుంది. రెండు ప్రపంచ యుద్ధాలలోను ఈ ప్రశ్న ఆయన ఎదుట నిలిచింది.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ పట్టణం సమీపంలో జర్మన్ సైన్యం సుమారు 150 టన్నుల క్లోరిన్ వాయువును శత్రు కందకాల మీదికి వదిలింది. ఆ దాడిని రూపొందించినవారు ఫ్రిట్జ్ హేబర్. గాలిలోని నత్రజనితో అమోనియా తయారుచేసే మార్గం కనుగొని, ఎరువుల ద్వారా కోట్లాది మందికి ఆహారం అందేలా చేసినదీ ఆయనే. విషవాయు ప్రయోగాన్ని ఆయన దేశసేవగానే భావించారు. ఆయన సమకూర్చిన వాయుదళంలో ఒట్టో హాన్, గుస్తావ్ హెర్ట్జ్‌లతో పాటు ఫ్రాంక్ కూడా పనిచేశారు.

1933లో నాజీ ప్రభుత్వం యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించే చట్టం చేసింది. యూదుడైన ఫ్రాంక్‌కు మాజీ సైనికునిగా మినహాయింపు ఉన్నప్పటికీ, గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలోని పదవికి బహిరంగంగా రాజీనామా చేసి దేశం విడిచారు. తరువాత చికాగోలో అణుబాంబు పరిశోధనలో చేరేటప్పుడు ఒక షరతు పెట్టారు. బాంబు సిద్ధమయ్యే నాటికి దాని వినియోగం గురించి తన అభిప్రాయాన్ని ఉన్నతాధికారులకు వినిపించే అవకాశం ఉండాలన్నదే ఆ షరతు.

1945 జూన్‌లో ఆయన అధ్యక్షతన ఏడుగురు శాస్త్రజ్ఞులు ఒక నివేదిక సమర్పించారు. వారి తర్కం గమనించదగినది. పూర్వం కొత్త ఆయుధం వస్తే దానికి రక్షణను కూడా శాస్త్రమే చూపగలిగేది. అణుబాంబుకు అటువంటి రక్షణను వాగ్దానం చేయలేము గనుక, వినియోగంతో తమకు సంబంధం లేదని ఇక చెప్పలేమన్నారు. హెచ్చరిక లేకుండా జపాన్‌పై ప్రయోగించవద్దని, నిర్జన ప్రదేశంలో ప్రపంచ దేశాల ఎదుట ప్రదర్శించమని కోరారు. లేనియెడల ఆయుధ పోటీ తప్పదని హెచ్చరించారు.

జూన్ 16న ఒపెన్‌హైమర్, ఫెర్మీ, లారెన్స్, కాంప్టన్‌లతో కూడిన సలహా సంఘం, యుద్ధాన్ని ముగించగల ప్రదర్శనను తాము సూచించలేమని చెప్పింది. రాజకీయ, సైనిక సమస్యలలో శాస్త్రజ్ఞులుగా తమకు ప్రత్యేక అర్హత లేదని కూడా తెలిపింది. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి కాలిపోయాయి. 1949లో సోవియట్ యూనియన్ కూడా బాంబును పరీక్షించింది.

ఫ్రాంక్‌ను నిర్దోషిగా చిత్రించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆయన బాంబు పనిని మానలేదు. మాట్లాడే హక్కును ముందే అడిగారు గాని ఆపే హక్కు ఆయనకు లేదు. అయినను తన చేతిపని ఎక్కడికి పోతుందో అడగడం తన బాధ్యతేనని ఆయన అంగీకరించారు. అర్హత లేదనే మాట వినయంగా ధ్వనించవచ్చు. కాని పిలాతు చేతులు కడుగుకొన్నంత మాత్రాన తీర్పు అతనిది కాకపోలేదు.

నేడు మన సంఘాలలో ఔషధ, రక్షణ, కంప్యూటర్ రంగాలలో పనిచేసే యువతీయువకులు ఉన్నారు. వారి ఉద్యోగాల కొరకు మనం ప్రార్థన చేస్తాము. ఆ పని ఎవరికి మేలు, ఎవరికి కీడు అని వారితో కలిసి అడుగుతున్నామా? ఆ ప్రశ్న పని ముగిసిన తరువాత కాదు, పనిలో చేరే రోజుననే మొదలు కావాలి.