దరువుకు లక్షణం లేదా?

సంగీత కళాశాలలో 'లక్షణం' అని ఒక పాఠం ఉంటుంది. 72 మేళకర్తలు, 35 తాళాలు అందులో ముఖ్యం. ఆ 72 లెక్క వేంకటమఖి 17వ శతాబ్దంలో 'చతుర్దండి ప్రకాశిక'లో కట్టాడు. అప్పటికి వాడుకలో ఉన్నవి 19 మేళాలే. తక్కినవి గొంతులోకి రాకముందే కాగితమ్మీద శాస్త్రమయ్యాయి.

మరి మాదిగ డప్పు సంగతేంటి? మంట మీద కాచి శ్రుతి చేస్తాం. ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెన పుల్ల. పెండ్లికో దరువు, చావుకో దరువు, జాతరకో దరువు. ప్రతిదానికీ ఎత్తుగడ, నడక, ముగింపు ఉన్నాయి. తరతరాలుగా మోగుతున్నా దాన్ని 'జానపదం' అని పక్కన పెట్టారు.

తరగతిలో మోగే మృదంగం మూతలు కూడా ఆవు, గేదె, మేక తోళ్లే. తోలు శాస్త్రంలోకి పోయింది, తోలు పని చేసినోడు వాకిట్లోనే ఆగిపోయాడు. పాడనిదాన్ని వాళ్లు రాసిపెట్టుకున్నారు. మోగేదాన్ని మనం రాసుకోవద్దా?