ఆరు శతాబ్దాల పాలనకు సాక్షి తార్నాక పత్ర భాండాగారం

హైదరాబాద్‌: పాలకులు మారినా పత్రాలు మిగులుతాయి. గోల్కొండను జయించిన మొగలులు, వారి తరువాత రెండు శతాబ్దాలకు పైగా ఏలిన అసఫ్‌జాహీలు చరిత్రలో కలిసిపోయారు. వారు ఎవరికి ఏ గ్రామం దానమిచ్చారో, ఏ సిపాయికి ఎంత జీతం చెల్లించారో తెలిపే కాగితాలు మాత్రం తార్నాకలో నేటికీ పదిలంగా ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర పత్ర భాండాగారం, పరిశోధనా సంస్థ వాటిని కాపాడుతోంది. స్టేట్‌ ఆర్కైవ్స్‌గా జనానికి తెలిసిన ఈ సంస్థను పురావస్తు శాఖగా పొరబడేవారూ ఉన్నారు. శిలలు, శిల్పాలు, కట్టడాలు ఆ శాఖవి. ప్రభుత్వ పత్రాలు దీనివి.

ఇళ్లలో ఉన్న లెక్కలు

నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలను రెండు దఫ్తర్‌లు చూసేవి. తూర్పున తెలుగు ప్రాంతాల లెక్కలు దఫ్తర్‌-ఎ-మాల్‌లోనూ, పడమట మరాఠీ ప్రాంతాల లెక్కలు దఫ్తర్‌-ఎ-దివానీలోనూ ఉండేవి. మొదటిది మాల్‌వాలా కుటుంబానికి, రెండవది రాయరాయన్‌ కుటుంబానికి వంశపారంపర్యంగా సంక్రమించాయి. పత్రాలు ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిదే అన్నట్లు సాగింది. 1853 నుంచి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్‌ తన సంస్కరణలతో ఈ కుటుంబాల పట్టు సడలించి, రికార్డులను ప్రభుత్వ అధీనంలోకి తెచ్చారు. నేటి భాండాగారానికి పునాది అదే.

పేరు మాత్రం పలుమార్లు మారింది. షాజహాన్‌ కాలపు పత్రాల సంకలనం 1950లో దఫ్తర్‌-ఎ-దివానీ పేరుతో వెలువడగా, ఔరంగజేబు కాలపు సంకలనం 1958లో సెంట్రల్‌ రికార్డ్స్‌ ఆఫీసు పేరుతో వచ్చింది. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌ స్టేట్‌ ఆర్కైవ్స్‌గా మారిన సంస్థ, 2014లో రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ సంస్థ అయింది.

సిపాయి ముఖం, గుర్రం ముద్ర

భాండాగారంలో నాలుగు కోట్లకు పైగా పత్రాలున్నాయని సంస్థ చెబుతోంది. వాటిలో అతి పురాతనమైనది బహమనీ సుల్తాను ఫిరోజ్‌షా కాలం నాటి 1406 సంవత్సరపు ఫర్మానా. షాజహాన్‌, ఔరంగజేబుల కాలానికి చెందిన పత్రాలే సుమారు లక్షన్నర.

వీటిలో అర్జ్‌-ఓ-చెహ్రా అనే పత్రాలు ఆసక్తికరమైనవి. సిపాయి పేరు, తండ్రి పేరు, ముఖంపై గుర్తులు, అతని గుర్రం రంగు, దానికి వేసిన ముద్ర వీటిలో కనిపిస్తాయి. ఒకరి బదులు మరొకరిని, మంచి గుర్రానికి బదులు మరొకదాన్ని చూపి జీతం కాజేయకుండా చేసిన ఏర్పాటిది. చరిత్రకారుడు జాన్‌ రిచర్డ్స్‌ గోల్కొండలో మొగలుల పాలనపై 1975లో ప్రచురించిన గ్రంథానికి ఇక్కడి పత్రాలు ఆధారమయ్యాయి.

భూమికి ఆధారం

జిల్లా ప్రజలకు ఈ సంస్థతో ప్రధానంగా పని పడేది భూమి విషయంలోనే. హైదరాబాద్‌ రాజ్యంలో సుమారు 60 శాతం భూమి దివానీ అధీనంలోనూ, 10 శాతం నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫ్‌-ఎ-ఖాస్‌లోనూ, మిగిలినది జాగీర్లలోనూ ఉండేదని అంచనా. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దానాలు, వారసత్వాలపై విచారణకు 1952లో అతియత్‌ చట్టం వచ్చింది.

పహాణీలు, సేత్వార్లు రెవెన్యూ, సర్వే కార్యాలయాల్లో దొరుకుతాయి. అంతకు పూర్వం ఆ భూమి ఎవరికి, ఏ షరతుపై దఖలు పడిందన్న ప్రశ్న వస్తే నిజాం నాటి ఫర్మానాలు, ముంతఖబ్‌లు, జరీదా అనే ప్రభుత్వ గెజిట్లు చూడక తప్పదు. ఫర్మానా పేరుతో ఎవరైనా చూపే కాగితం అసలుదో నకిలీదో తేల్చాలన్నా ప్రభుత్వ రికార్డులతో సరిచూడటమే మార్గం. అక్కడి ఒక కాగితం చెదలు పాలైతే చరిత్రతో పాటు ఒక కుటుంబం హక్కుకు ఉన్న రుజువూ పోయినట్లే.

చదివేవారే కరువు

పత్రాల్లో అధిక భాగం పారశీకం, ఉర్దూ భాషల్లో ఉన్నాయి. మొగలుల నాటి రాతల్లో అనేకం షికస్తా అనే గొలుసుకట్టు లిపిలో, లెక్కలు సియాఖ్‌ అనే ప్రత్యేక అంకెల్లో ఉంటాయి. పారశీకం వచ్చినవారికి సైతం అవి ఒక పట్టాన కొరుకుడు పడవు. తెలుగు గ్రామాల లెక్కలే అయినా ఆ గ్రామస్థులు చదవలేని పరిస్థితి ఇది.

పత్రాల మరమ్మతు, డిజిటలీకరణ కోసం 2022లో నూర్‌ ఇంటర్నేషనల్‌ మైక్రోఫిల్మ్‌ సెంటర్‌తో సంస్థ ఒప్పందం కుదుర్చుకుంది. డిజిటలీకరణతో మూల ప్రతిని పదే పదే తాకే అవసరం తగ్గుతుంది. అయితే కంప్యూటర్‌ తెరపై కనిపించినంత మాత్రాన పత్రం అర్థం కాదు. దానికి సూచిక కావాలి, తెలుగులో సారాంశం కావాలి. అన్నిటికీ మించి ఆ లిపి నేర్చిన కొత్త తరం కావాలి. కాగితాన్ని కాపాడటం ఎంత ముఖ్యమో, దానిని చదవగల మనిషిని తయారు చేయడమూ అంతే ముఖ్యం.