గుద్ది వెళ్ళిపోయిన వాహనం: నష్టపరిహార హక్కు చరిత్ర

వరి కోతల రోజుల్లో అత్తిలి చుట్టుపక్కల రోడ్ల మీద ధాన్యం ఆరబోయడం మీలో చాలామంది చూసే ఉంటారు. రాత్రి ఆ ధాన్యానికి కాపలా పడుకున్న కూలీని ఒక లారీ గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయిందనుకోండి. నంబరు ఎవరూ చూడలేదు. లారీ ఎవరిదో తెలియదు కాబట్టి దాని బీమా కంపెనీ ఏదో కూడా తెలియదు. ఆ కూలీ భార్య ఎవరి మీద దావా వేయాలి? ఈ ప్రశ్నకు మన దేశంలో చట్టం సమాధానం చెప్పింది 1982లో.

మొదటి నుంచి చూద్దాం. ఒక మనిషి మరణం వల్ల అతని కుటుంబానికి కలిగిన నష్టానికి పరిహారం అడిగే వీలు పాత ఇంగ్లీషు న్యాయంలో లేదు. గాయపడి బతికినవాడు దావా వేయవచ్చు. చనిపోతే ఆ హక్కు అతనితోనే పోయేది. రైలు ప్రమాదాలు పెరిగిన కాలంలో, 1846లో, లార్డ్ క్యాంప్‌బెల్ చట్టం అక్కడ ఈ స్థితిని మార్చింది. దానిని అనుసరించి మన దేశంలో 1855లో ప్రాణాంతక ప్రమాదాల చట్టం వచ్చింది. భార్య, భర్త, తల్లిదండ్రులు, సంతానం పరిహారం కోరవచ్చు. అయితే తప్పు చేసినవాడెవరో తెలియాలి, అతని తప్పును రుజువు చేయాలి. పైన చెప్పిన కూలీ భార్య ఈ రెండింటిలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

1939 మోటారు వాహనాల చట్టం బీమాను తప్పనిసరి చేసింది. ఆ భాగం అమలులోకి వచ్చింది మాత్రం 1946 జూలై 1న. 1956 సవరణ క్లెయిమ్స్ ట్రిబ్యునళ్ళకు దారి తీసింది. సివిల్ కోర్టు చుట్టూ తిరిగే బాధ కొంత తగ్గిందన్నమాట నిజమే. కానీ ట్రిబ్యునల్ ముందయినా ప్రతివాది ఒకడుండాలి కదా! ఇంగ్లండులో ఆచూకీ దొరకని డ్రైవర్ల బాధితుల కోసం బీమాదారుల సంస్థ 1969లో ఒక ఒప్పందానికి వచ్చింది. ఇక్కడ లా కమిషన్ 1972లో తన 51వ నివేదికను ఈ ఒక్క సమస్యకే కేటాయించింది. పదేళ్ళు గడిచాక, 1982 అక్టోబరు 1 నుంచి, సొలేషియం నిధి అమలులోకి వచ్చింది. మరణానికి 5,000 రూపాయలు, తీవ్ర గాయానికి 2,000. తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. మొత్తం చిన్నదే, కానీ సూత్రం కొత్తది: రోడ్డు తెచ్చిపెట్టే ముప్పుకు సమాజమే కొంత బాధ్యత తీసుకుంది.

ఆ తరువాతి అంకెలు గమనించండి. 1988 చట్టం, అంటే 1989 జూలై నుంచి, మరణానికి 8,500 రూపాయలు. 1994 సవరణతో 25,000. తీవ్ర గాయానికి 12,500. ఇక అక్కడే ఆగింది, 27 ఏళ్ళకు పైగా! ధాన్యం ధర, బంగారం ధర, కూలి అన్నీ ఎన్ని రెట్లు పెరిగాయో మీ ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు. 2019 సవరణ ఫలితంగా 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 అయింది. సరిగ్గా మూడు రోజుల తరువాత, ఏప్రిల్ 4న, జిల్లాల విభజన జరిగింది. పరిహారం మంజూరు చేసే అధికారి జిల్లా కలెక్టరు. అంటే అత్తిలి వాసి కాగితం అంతకుముందు ఏలూరు వెళ్ళేది, ఇప్పుడు భీమవరం వెళుతుంది. కొల్లేటి ఒడ్డు గ్రామాల్లో మాత్రం ముందు మీది ఏ జిల్లాయో చూసుకోవాలి.

విద్యార్థులు తరచుగా పొరబడేది ఒక చోట. డ్రైవరు పారిపోయిన ప్రతి ప్రమాదమూ ఈ పథకం కిందికి రాదు. తగిన ప్రయత్నం చేసినా వాహనం ఏదో తేలనప్పుడే వస్తుంది. డ్రైవరు పారిపోయినా నంబరు దొరికితే ట్రిబ్యునల్‌కే వెళ్ళాలి. అక్కడ మృతుని వయసు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్య లెక్కగట్టి పరిహారం నిర్ణయిస్తారు. అది సాధారణంగా 2 లక్షల కంటే చాలా ఎక్కువ. ఒకే రోడ్డు, ఒకే మరణం. ఎవరో ఒకరు నంబరు చూశారా లేదా అన్నదాని మీద ఒక కుటుంబ భవిష్యత్తు ఆధారపడటం నాకు ఈనాటికీ న్యాయంగా తోచదు. పథకం కింద సొమ్ము తీసుకున్నాక వాహనం దొరికి, వేరే పరిహారం వస్తే, ముందు తీసుకున్నది సర్దుబాటు చేయాలి.

దరఖాస్తు సబ్ డివిజనల్ అధికారికి గానీ తహసీల్దారుకు గానీ ఇవ్వాలి. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక లేదా గాయాల ధ్రువపత్రం పరిశీలించి ఆయన నెలలోగా నివేదిక పంపాలి. కలెక్టరు 15 రోజుల్లో మంజూరు చేయాలి. ఆపై 15 రోజుల్లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ సొమ్ము బ్యాంకు ఖాతాలో వేయాలి. వకీలు అక్కరలేదు.

మరి ఎందరు అడిగారు? 2022లో దేశంలో ఇటువంటి ప్రమాదాలు 67,387 జరిగాయి, 30,486 మంది చనిపోయారు. 2022-23 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన దరఖాస్తులు 205, పరిష్కారమైనవి 95. సుప్రీంకోర్టు 2024 జనవరి 12న రాజసీకరన్ కేసులో ఈ లెక్కలనే ఎత్తిచూపింది. నెలలోగా వాహనం ఆచూకీ తెలియకపోతే, పథకం కింద పరిహారం కోరవచ్చని బాధితులకు పోలీసులే లిఖితపూర్వకంగా తెలపాలని ఆదేశించింది.

అభ్యాసం: మీ మండల తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళి, ఈ పథకం దరఖాస్తు నమూనా ఇమ్మని అడగండి. వారు ఏమి చెప్పారో, ఎవరి దగ్గరికి పంపారో, కాగితం చేతికి రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో తేదీలతో సహా ఒక పేజీలో రాసి, తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.