గోధుమరంగు పూసిన గతం

మా బడి గోడపత్రికకు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు హైదరాబాదు పత్తర్‌గట్టి ఫోటో తెచ్చాడు. రాతి కమానుల వరస, అంతా పాతబడిన గోధుమరంగు. "నిజాం కాలంనాటి పత్తర్‌గట్టి" అని కింద నేనే రాసి అంటించాను. రెండు రోజుల తర్వాత ఆరో తరగతి పిల్ల ఒకతె కమాను నీడలో వేలు పెట్టి, "సార్, అప్పుడు స్కూటర్లున్నాయా?" అంది. తీరా చూస్తే అది ఆ పిల్లవాడి అన్న పోయిన పండక్కి సెల్‌ఫోనులో తీసిన ఫోటో. ఒక్క మీట నొక్కితే ఆ రంగు వచ్చిందట. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న పంతుల్ని బోల్తా కొట్టించడానికి అది చాలింది.

ఆ రంగుకూ ఒక చరిత్ర ఉంది. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మను నిలిపేది వెండి. గాలికీ తేమకూ అది క్రమంగా చెడుతుంది. అందుకని స్టూడియోలవాళ్లు ప్రింటును ముందు బ్లీచి చేసి, తర్వాత సోడియం సల్ఫైడు ద్రావణంలో ముంచేవారు. వెండి కాస్తా సిల్వర్ సల్ఫైడుగా మారి గోధుమరంగు తేలేది, బొమ్మ మన్నిక పెరిగేది. గది నిండా కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఆ కంపులో చేతులు ముంచినవాళ్ల పేర్లు ఆల్బముల అట్టలమీద ఉండవు. అంటే సెపియా రాబోయే తరాలకోసం పడ్డ శ్రమ. నిన్న పుట్టిన ఫోటోకు ముసలి వేషం వేయడానికి పుట్టింది కాదు.

ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ (1844–1905) ప్రింట్ల వన్నె ఇది కూడా కాదు. అవి కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితంమీద తేలిన బొమ్మలు. దర్బారులు, వేటలు, మహళ్లు వాటిలో మనకు బాగా తెలుసు. 1899–1900 కరువులో ఔరంగాబాదు ప్రాంతపు సహాయ శిబిరాలనూ ఆ స్టూడియో ఫోటో తీసింది. ఆ ఎముకల గూళ్లదీ అదే రంగు. కాని గోధుమరంగు చూడగానే మన మనసు మహలు దగ్గరికే పరుగెడుతుంది. ఎందుకని?

ఇక పత్తర్‌గట్టి సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని మింగింది. ఆపైన ప్లేగు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు వాడలు కూల్చి, వీధులు వెడల్పు చేయించింది. పత్తర్‌గట్టి రాతి అంగళ్లు ఆ పథకంలోవే. కట్టిననాడు అది పాతది కాదు, ఊళ్లోకెల్లా కొత్త వీధి. కూలిన వాడల జనం ఎక్కడికి పోయారన్న ప్రశ్న అప్పుడే పుట్టాలి. అనాది వైభవంలా కనబడేదాన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగరు. మీట నొక్కినవాడికి ఈ దురుద్దేశం లేదు, నిజమే. పని మాత్రం జరిగిపోతుంది.

అసలు రంగుల ఫోటో తెమ్మన్నాను. కమాను పగులులోంచి పచ్చగా రావిమొక్క మొలిచింది. కింద నీలం పరదా కప్పుకొని గాజులమ్ముకునే ఆమె ఉంది. పచ్చని మొక్కను చూస్తే గోడ చీలుతోందని ఎవరో ఒకరు అధికారులను నిలదీయవచ్చు. గోధుమరంగులో ఆ మొక్క శిథిల సౌందర్యం, ఆ గాజులామె ఒట్టి నీడ.

గోధుమరంగుది తీసేద్దామంటే పిల్లవాడు ససేమిరా ఒప్పుకోలేదు. అదే బాగుందంటాడు. రెండూ పక్కపక్కనే అంటించి, నా రాత కొట్టేసి, కింద తీసిన తేదీ వాడిచేతే వేయించాను.