250 వాట్లంటే ఎంత బలం?

మొన్న కట్టంగూర్ పోయినప్పుడు మా చిన్నాయన కొత్త ఎలక్ట్రిక్ సైకిల్ చూపించాడు. మోటారు 250 వాట్లట. "మనింట్లో మిక్సీనే 750 గదా, ఇదేం గుంజుతది?" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. తిరిగొచ్చి లెక్క తీస్తే పరువు పోయింది నాదే.

18వ శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలు అమ్ముకోడానికి వాటి బలాన్ని గుర్రాలతో పోల్చి చెప్పాడు. ఆ హార్స్‌పవర్ ఇప్పటి లెక్కలో 746 వాట్లు. మరి మనిషి? మామూలు మనిషి గంటల తరబడి సైకిల్ తొక్కితే వచ్చేది 75 నుంచి 100 వాట్లు, అంతే. 1979 జూన్ 12న బ్రయాన్ ఆలెన్ అనే సైక్లిస్టు గోసమర్ ఆల్బట్రాస్ అనే విమానాన్ని ఉత్త పెడళ్ళు తొక్కి ఇంగ్లిష్ ఛానల్ దాటించాడు. 35.8 కిలోమీటర్లు, 2 గంటల 49 నిమిషాలు. గాలి కదలకుండా ఉంటే ఆ విమానానికి కావాల్సింది సుమారు 300 వాట్లే!

అంటే చిన్నాయన బండిలో ఇద్దరు ముగ్గురు మనుషులు దాక్కున్నారన్నమాట.

మా తాత వడ్ల బస్తా వెనక కట్టుకుని నకిరేకల్ దాకా తొక్కేవాడు. జొన్న గటక తాగి, 100 వాట్ల లెక్కన పది గంటలు తొక్కితే అయ్యేది ఒక్క యూనిట్. ఇవాళ అది కొన్ని రూపాయల కరెంటు. తాత మోకాళ్ళకి మాత్రం ఎవరూ బిల్లు కట్టలేదు. అది కళ్ళారా చూసిన కొడుకు మోటారు కొనుక్కుంటే, నేనేమో మిక్సీతో పోల్చాను.