తవ్వకం లేని పురావస్తు పరిశోధన: శివరామమూర్తి అమరావతి గ్రంథం

పురావస్తు శాస్త్రజ్ఞుడు అనగానే నేలను పొరపొరగా తవ్వించే మనిషి గుర్తుకొస్తాడు. మ్యూజియం క్యూరేటర్ అంటే, ఆ తవ్వకంలో దొరికినవాటికి చీటీలు కట్టి వరసగా సర్దిపెట్టేవాడని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. కనుగొనడం ఒకరి పని, కాపాడడం మరొకరి పని అన్న ఈ పంపకం కలంబూరు శివరామమూర్తి (1909–1983) విషయంలో నిలబడదు. ఆయనకు పండితలోకంలో పేరు తెచ్చిన మొదటి పెద్ద రచన, మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి శిల్పాల మీద 1942లో ఆ మ్యూజియం బులెటిన్‌గా వెలువడిన ఇంగ్లీషు గ్రంథం. దాని కోసం అమరావతిలో ఒక్క కందకం కూడా తవ్వలేదు. అయినా అక్కడి బౌద్ధ స్తూపమైన మహాచైత్యం గురించి తవ్వకాలు చేసినవారు చెప్పలేకపోయిన ఎన్నో సంగతులు అందులో ఉన్నాయి. అమరావతికి సంబంధించినంత వరకు ఆనాటికి మిగిలిన తవ్వకపు స్థలం మ్యూజియం హాలేననీ, ఆయన గ్రంథం కేటలాగ్ రూపంలో వచ్చిన తవ్వకపు నివేదిక అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. ఆయన కట్టిన తేదీల్లో కొన్ని తర్వాత సడలిపోయాయి. అయినా గ్రంథం సడలకపోవడానికి కారణం కూడా ఆ నివేదిక స్వభావంలోనే ఉంది.

హాలే తవ్వకపు స్థలం ఎలా అయిందో తెలియాలంటే నేల మీద జరిగిన నష్టాన్ని ముందు లెక్కలోకి తీసుకోవాలి. 18వ శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టుకుంటున్నప్పుడు, ఇటుకా రాయీ కోసం కూలీలు దీపాలదిన్నె అనే స్తూపపు దిబ్బను తవ్వారు. ఆ సంగతి తెలిసి సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డు చెరువుగా మారుతోంది. అప్పటికి మిగిలినవాటికి ఆయన బొమ్మలు గీయించాడు. తర్వాత కనిపించకుండా పోయిన కొన్ని రాళ్లకు ఆ బొమ్మలే ఆధారం. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసు చేర్చాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు నానాయి. 1859లో 121 శిల్పాలు ఓడెక్కి లండన్ వెళ్లాయి. అక్కడా వాటికి వెంటనే చోటు దొరకలేదు. వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ కంటపడేదాకా ఫైఫ్ హౌస్ బండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. 1877లో రాబర్ట్ సీవెల్ కొంత జాగ్రత్తగానే తవ్వాడు. కానీ 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ స్తూపాన్ని మొత్తంగా తవ్వి తీయమని ఆజ్ఞ ఇచ్చాడు. జేమ్స్ బర్జెస్ ఆ మరుసటి ఏడాది వచ్చేనాటికి స్తూపం ఉన్నచోట పెద్ద గొయ్యి మిగిలింది. ఏ రాయి ఏ పొరలో, ఏ రాయి పక్కన, ఏ దిక్కుకు తిరిగి పడి ఉందో చెప్పే సాక్ష్యం ఆ గొయ్యితోనే పోయింది. అలెగ్జాండర్ రీ 1905 నుంచి 1909 దాకా చేసిన తవ్వకాలు అంచుల్లో మిగిలినదాన్ని వెలికితీశాయే తప్ప, పోయిన క్రమాన్ని తిరిగి ఇవ్వలేకపోయాయి.

శివరామమూర్తి చేతికి వచ్చింది ఈ చెదిరిన సంపద. ఎగ్మూరులోని మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో ఎఫ్.హెచ్. గ్రేవ్లీ సూపరింటెండెంటుగా ఉన్న కాలంలో ఆయన పురావస్తు విభాగపు పని చేపట్టారు. ఇద్దరూ కలిసి గ్యాలరీలకు మార్గదర్శి పుస్తకం రాశారు. అమరావతి గ్రంథంలో ఆయన ప్రతి రాతినీ విడిగా పట్టుకున్నారు. అది స్తంభమా, అడ్డంగా పొదిగే సూచియా, పైన కప్పే ఉష్ణీషమా, స్తూపపు గుమ్మటం (అండం) చుట్టూ తాపిన ఫలకమా అని తేల్చడం మొదటి మెట్టు. మీద చెక్కిన కథను బౌద్ధ వాఙ్మయంతో పోల్చి గుర్తించడం రెండోది. అక్షరాలుంటే వాటిని చదివి లిపి వయసు అంచనా వేయడం మూడోది. ఆ తర్వాత ఆయన ఎక్కువ మంది దాటవేసే చోట ఆగారు. తలపాగా చుట్టిన తీరు, చెవిపోగు ఆకారం, వీణ వంపు, మంచం కోడు, కత్తి పిడి ఇలా ఒక్కొక్కదాన్నీ రేఖాచిత్రంగా గీసి వర్గాలుగా పేర్చారు. తవ్వకంలో కుండపెంకు చేసే పనిని ఇక్కడ చెవిపోగు చేసింది. పొరలు పోయిన చోట కాలక్రమాన్ని రాతి మీది రూపాల్లోనే వెతకాలని ఆయన గ్రహించారు. నా దృష్టిలో ఆ గ్రంథపు అసలు ఆవిష్కారం ఇదే.

ఈ పద్ధతి ఎంత దగ్గరగా చూస్తుందో తెలియడానికి నాలాగిరి ఏనుగును లొంగదీసిన ఘట్టం చెక్కిన గుండ్రటి శిల్పం చాలు. ఒకే వలయంలో రెండు సమయాలున్నాయి. ఒకవైపు మదించిన ఏనుగు రాజగృహం వీధిలో ఒక మనిషిని తొండంతో పట్టి ఈడుస్తోంది. జనం చెల్లాచెదురవుతున్నారు. మేడల కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగిచూస్తున్నారు. ఇంకొకవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. కథ తెలిసినవారికి ఇది ఒక మహిమ. శివరామమూర్తి పద్ధతిలో చూస్తే ఇదే రాయి ఊరి ద్వారం ఎలా కట్టేవారో, మేడకు కిటికీ ఎక్కడ పెట్టేవారో, భిక్షువులు సంఘాటి అనే పై వస్త్రాన్ని ఏ భుజం మీద వేసేవారో చెప్పే పత్రం కూడా. బుద్ధుణ్ని మనిషి రూపంలో చూపారా, ఖాళీ ఆసనంతోనో పాదాల గుర్తుతోనో సూచించారా అన్నది కాలక్రమానికి మరో ఆధారం. ఇలాంటి గుర్తులన్నీ కలిపి ఆయన శిల్పాలను నాలుగు దశలుగా విడదీశారు. మొదటిది క్రీ.పూ. 200–100, రెండోది సుమారు క్రీ.శ. 100, మూడోది సుమారు క్రీ.శ. 150, నాలుగోది క్రీ.శ. 200–250.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. శైలిని బట్టి కాలం, కాలాన్ని బట్టి శైలి అని వాదిస్తే అది గానుగెద్దు నడకే కదా? ఆధారమంతా శైలి ఒక్కటే అయితే ఈ మాటకు జవాబు లేదు. అమరావతి రాళ్లకు మాత్రం శైలితో సంబంధం లేని ఆధారాలు రెండున్నాయి. ఒకటి శాసనాలు. చిన్న చిన్న ప్రాకృత వాక్యాల్లో దాతల పేర్లు చెప్పే ఈ లేఖనాల్లో ఒకటి శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పుళుమావి పాలనను పేర్కొంటుంది. ఆ రాజు కాలం నాణేల వల్లా, ఇతర చోట్ల శాసనాల వల్లా విడిగా తెలుసు. అక్కడి అక్షరాలను మేకుగా పాతుకుని, ముందు వెనకల అక్షరాలను దానికి కట్టవచ్చు. రెండోది తిరగేసి మళ్లీ చెక్కిన రాళ్లు. లండన్‌లోని ఒక ఫలకానికి ఒక ముఖం మీద బుద్ధరూపం లేకుండా బోధివృక్షాన్ని పూజించే దృశ్యం ఉంది. రెండో ముఖం మీద అలంకారాలు నిండిన స్తూపం ఉంది. పాతదాన్ని వెనక్కి తిప్పి కొత్తది చెక్కారన్నది కంటికి కనిపించే వాస్తవం. నేల పొరలు లేని చోట రాతి రెండు ముఖాలే రెండు పొరలయ్యాయి. అక్షరాల వరస, చెక్కడాల వరస ఒకే దిశగా సాగినప్పుడు దాన్ని వలయవాదం అని కొట్టిపారేయడం కుదరదు.

రెండో అభ్యంతరం మరింత నిర్దిష్టమైనది. 1954లో బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలకు గ్రంథం రాసిన డగ్లస్ బారెట్ ఈ నిర్మాణాన్ని ఉన్నత శాతవాహన కాలంలోకి, అంటే ముఖ్యంగా క్రీ.శ. రెండు, మూడు శతాబ్దాల్లోకి కుదించాడు. ఆయన కూడా క్యూరేటరే, ఆయనవీ మ్యూజియం రాళ్లే. ఇద్దరు ఇంత వేర్వేరు ఫలితాలకు వస్తే పద్ధతి నమ్మదగినదేనా? తర్వాతి నేల సాక్ష్యం ఈ వివాదంలో మద్రాసు వైపే ఎక్కువగా మొగ్గింది. అమరావతిలో దొరికిన ఒక రాతి ముక్కను అశోకుడి శాసన భాగంగా డి.సి. సర్కార్ ప్రకటించారు. 1973–74లో ఐ.కె. శర్మ చేసిన తవ్వకాలు ఆ స్థలం ఆరంభాన్ని మౌర్యకాలం దాకా తీసుకెళ్లాయి. స్థలం ప్రాచీనమైనంత మాత్రాన ప్రతి శిల్పమూ ప్రాచీనం కాదు, నిజమే. కానీ క్రీ.పూ. నాటి లిపి ఉన్న రాళ్లను క్రీ.పూ. నాటివిగానే ఉంచిన శివరామమూర్తి తీర్పుకు ఇది బలం చేకూర్చింది.

అదే నిజాయతీతో ఆయన తడబడిన చోటునూ చెప్పాలి. స్తూపం చుట్టూ కట్టిన రాతి ప్రాకారాన్ని, అంటే మహావేదికను, ఆయన క్రీ.శ. 150 ప్రాంతానికి నిర్ణయించడంలో, ఆచార్య నాగార్జునుడు ధాన్యకటక (అమరావతి) చైత్యానికి ప్రాకారం కట్టించాడన్న టిబెట్ సంప్రదాయానికి పెద్ద పాత్ర ఉంది. బర్జెస్ నాటినుంచీ వస్తున్న ఆ ఊహను ఆయన విడిచిపెట్టలేదు. అకిరా షిమాడా 2013 నాటి గ్రంథంలో లిపినీ శిల్పాన్నీ మళ్లీ పరిశీలించి, వేదిక నిర్మాణం అంతకు చాలా ముందే మొదలై దశలవారీగా సాగిందని వాదించారు. నాకు ఆ వాదన సబబుగా తోస్తుంది. గమనించవలసింది ఏమిటంటే, రాతి మీది అక్షరాన్ని నమ్మిన చోట శివరామమూర్తి నిలిచారు, శతాబ్దాల తర్వాత దూరదేశంలో రాసిన కథను నమ్మిన చోట జారారు. ఆ జారుడును సరిదిద్దడానికి కావలసిన సరంజామా అంతా, రాతిరాతికీ వర్ణనా, శాసన పాఠాలూ, ఛాయాచిత్రాలూ, ఆయన పుస్తకమే సమకూర్చింది. తన నిర్ణయాన్ని కాదనడానికి కావలసిన ఆధారాన్ని చదివేవారి చేతికే ఇవ్వడం మంచి తవ్వకపు నివేదిక లక్షణం.

సంస్కృతం గురించిన విమర్శ వేరే తరహాది. శివరామమూర్తి గట్టి సంస్కృత పండితుడు. కాళిదాసు, బాణుడి పుటల్లోంచి నగకో వస్త్రానికో పేరు తీసి రాతి మీది రూపానికి తగిలించడం ఆయన అలవాటు. ప్రాకృతం మాట్లాడిన కృష్ణాతీరపు జనాన్ని ఇలా తర్వాతి శతాబ్దాల రాజాస్థాన కావ్యాల అద్దంలో చూడడం న్యాయమా అన్న ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. పేరు దొరికినంత మాత్రాన వాడుక దొరికినట్టు కాదు. ఆయన ఈ తేడాను అన్నిచోట్లా పాటించలేదు. కానీ అదే గ్రంథం వందకు పైగా శాసనాలను ఒకచోట చేర్చి చదివింది. ఆ శాసనాల్లో గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు కనిపిస్తారు. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, సోదరులతో, కూతురితో కలిసి పూర్ణఘట ఫలకాన్ని దానమిచ్చిన సంగతి అమరావతి శాసనాల్లో ఒకదాని వల్లే మనకు తెలుసు. ఏ కావ్యమూ ఆ కుటుంబం పేరెత్తదు. అమరావతిని రాజుల కట్టడంగా కాకుండా ఊరి జనపు దానంగా చూడడం నేర్చిన నేటి చరిత్రకారులు ఆ శాసనాల అధ్యాయానికి రుణపడి ఉన్నారు. ఆ అధ్యాయాన్ని పక్కనపెట్టి ఆయన్ని సంస్కృత రసజ్ఞుడిగా మాత్రమే చిత్రించడం సగం పుస్తకమే చదవడం.

తర్వాతి ఉద్యోగ జీవితం కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం పురావస్తు విభాగం మీదుగా ఢిల్లీ నేషనల్ మ్యూజియం డైరెక్టరు పదవి దాకా సాగింది. 1952లో దక్షిణాది లిపుల మీద, 1963లో దక్షిణ భారత కంచు విగ్రహాల మీద, 1974లో నటరాజు మీద వెలువడిన ఆయన గ్రంథాలు అదే తీరును కొనసాగించాయి. మొదటిది అమరావతిలో తాను ఆధారపడిన లిపిజ్ఞానాన్ని పద్ధతిగా కూర్చిన పుస్తకం కాబట్టి మన వాదానికి అన్నిటికన్నా దగ్గరిది. పదవులు, పురస్కారాలు ఈ వాదానికి అవసరం లేదు.

ఒక పరిమితి మాత్రం ఆయన వల్ల తొలగేది కాదు. మద్రాసు కేటలాగ్ మద్రాసు రాళ్లకే. బారెట్, 1992లో రాబర్ట్ నాక్స్ రాసినవి లండన్ రాళ్లకే. ఒకే వేదికకు చెందిన స్తంభం ఒక దేశంలో, దాని సూచి మరో దేశంలో ఉండగా, దశల విభజన ప్రతి క్యూరేటరు తన హాలులో ఉన్న వాటా మీద చేయవలసి వచ్చింది. శివరామమూర్తి, బారెట్ తేదీల తేడాలో ఎంత భాగం అభిప్రాయానిది, ఎంత భాగం వాటాది అన్నది ఇంకా తేల్చవలసిన ప్రశ్న. చెన్నై, లండన్, అమరావతి స్థల మ్యూజియం రాళ్లను మెకంజీ బొమ్మలతోనూ బర్జెస్, రీ నివేదికలతోనూ సరిచూసి, 1942 గ్రంథం రాతిరాతికీ చేసిన వర్ణన పద్ధతిలోనే ఒకే వరస సంఖ్యలతో పొందుపరిచిన నాడు దానికి జవాబు దొరుకుతుంది. ఆ పనికి పూనుకునేవారు మొదట విప్పవలసింది శివరామమూర్తి రాసిన శాసనాల పట్టికను, ఆయన గీసిన రేఖాచిత్రాల పుటలను.