మూడు తాళాల పెట్టె

స్కాట్లాండ్ దక్షిణాన, డంఫ్రీస్ పట్టణానికి దగ్గర్లో రత్‌వెల్ అనే పల్లె ఉంది. 1810లో ఆ ఊరి చర్చి పాదిరీ హెన్రీ డంకన్ ఒక చిన్న ఇంట్లో పెట్టె ఒకటి పెట్టించాడు. దానికి మూడు తాళాలు. తాళంచెవులు ముగ్గురు వేర్వేరు మనుషుల దగ్గర ఉండేవి. ముగ్గురూ వస్తే తప్ప పెట్టె తెరుచుకునేది కాదు. ఊళ్లో కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడపిల్లలు తమ కష్టార్జితాన్ని అందులో వేసేవారు.

అప్పటికి స్కాట్లాండ్‌లో బ్యాంకులు లేక కాదు. ఖాతా తెరవాలంటే పది పౌండ్లు ఉండాలి. పొలం పనికి వెళ్లేవాడికి అంత సొమ్ము కంటపడటం కల్ల. డంకన్ తన బ్యాంకులో ఆరు పెన్నీలు చాలన్నాడు. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలుగా లెక్కపెట్టే రోజులవి. అంటే పౌండులో నలభయ్యో వంతుతో ఖాతా మొదలయ్యేది. పాదిరీ కాకముందు అతను లివర్‌పూల్‌లో బ్యాంకు గుమాస్తాగా పనిచేశాడు కాబట్టి లెక్కలు తెలుసు. పోగైన డబ్బును పెద్ద బ్యాంకులో వేసి, అక్కడ వచ్చిన వడ్డీలోంచి ఖాతాదారులకు పంచేవాడు. మొదటి ఏడాది పోగైంది 151 పౌండ్లు. మత కలహాల్లో పగిలి ముక్కలైన ప్రాచీన రత్‌వెల్ శిలువను ఏరి కూర్చి మళ్లీ నిలబెట్టినవాడూ ఈ డంకనే. చెదిరినదాన్ని కూడగట్టడం అతని స్వభావంలోనే ఉంది. పెట్టె ఉన్న ఆ ఇల్లు తర్వాత పొదుపు బ్యాంకుల మ్యూజియం అయింది.

ఈ రోజు బ్రిటన్‌లో ఒక సాధారణ ఉద్యోగి జీతంలో మిగిలిన రెండు మూడు వందల పౌండ్లు ఎక్కడ దాచాలా అని చూస్తే పదుల కొద్దీ ఖాతాలు ఎదురవుతాయి. ఇన్‌స్టంట్ యాక్సెస్, ఫిక్స్‌డ్ రేటు, ప్రీమియం బాండ్లు, క్యాష్ ఐసా, షేర్ల ఐసా... పేర్లు ఎన్నున్నా వాటి వెనక ఉన్న ప్రశ్నలు రెండే. తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? పెట్టెలో ఉన్నంతసేపు డబ్బు విలువ నిలుస్తుందా? ఈ రెండిటికీ జవాబు వెతుక్కోవడానికి బ్రిటన్‌కు రెండు వందల ఏళ్లు పట్టింది. దానికి మూల్యం చెల్లించింది ఎక్కువగా చిన్నవాళ్లే.

రత్‌వెల్ పద్ధతి చూసి దేశమంతా పొదుపు బ్యాంకులు వెలిశాయి. 1817లో వాటికి చట్టమూ వచ్చింది. ఊరి పెద్దలు ట్రస్టీలుగా ఉండేవారు. అయితే అన్ని ఊళ్లలో మూడు తాళాలు లేవు. 1849లో ఇంగ్లండ్ ఉత్తరాన రాచ్‌డేల్ పొదుపు బ్యాంకు లెక్కలు చూసే జార్జి హావర్త్ చనిపోయాక పుస్తకాలు తిరగేస్తే 70 వేల పౌండ్లకు పైగా సొమ్ము మాయమైనట్టు తేలింది. మిల్లు కార్మికుల సొమ్మది. డబ్బు ప్రభుత్వం దగ్గరే భద్రంగా ఉందని జనం నమ్మారు. చట్టం చూస్తే, పూచీ తమదని ట్రస్టీలు స్వయంగా రాసిస్తే తప్ప వాళ్లను అడిగే వీలు లేదు.

ఈ గాయానికి మందు పోస్టాఫీసులో దొరికింది. హడర్స్‌ఫీల్డ్ బ్యాంకు ఉద్యోగి చార్లెస్ సైక్స్ ఆలోచన చెప్పాడు. ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ దాన్ని చట్టం చేశాడు. 1861 సెప్టెంబరు 16న పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు తలుపులు తెరిచింది. షిల్లింగుతో ఖాతా మొదలు. వడ్డీ రెండున్నర శాతమే, అంటే పౌండుకు నెలకు అర పెన్నీ. వడ్డీ తక్కువైనా పూచీ సర్కారుది కనుక జనం కదిలి వచ్చారు. షిల్లింగు కూడా ఒక్కసారిగా తేలేనివారి కోసం 1880లో పోస్ట్‌మాస్టర్ జనరల్ హెన్రీ ఫాసెట్ మరో దారి చూపించాడు. ఒక కాగితం ఇస్తారు. వీలైనప్పుడల్లా ఒక పెన్నీ స్టాంపు కొని దాని మీద అంటించాలి. పన్నెండు నిండితే షిల్లింగు, తెచ్చి ఖాతాలో వేసుకోవచ్చు. పాతికేళ్ల వయసులో వేటలో తుపాకీ గుళ్లు తగిలి రెండు కళ్లూ పోయిన మనిషి ఫాసెట్. పార్లమెంటులో భారతదేశపు ఆదాయవ్యయాల మీద పట్టుబట్టి ప్రశ్నలు వేసేవాడు కాబట్టి అతనికి ‘భారతదేశపు సభ్యుడు’ అనే పేరు వచ్చింది. మన దేశంలో పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు మొదలైంది 1882లో, అతను పదవిలో ఉన్న కాలంలోనే. కోస్తాలోనూ తెలంగాణలోనూ అమ్మమ్మల ట్రంకుపెట్టెల్లో కనిపించే పోస్టాఫీసు పాసుబుక్కుకు బ్రిటన్ పోస్టాఫీసు పాసుబుక్కు అక్క వరస అవుతుంది.

ఇక బిల్డింగ్ సొసైటీల పుట్టుక తెలుగువారికి మరీ తేలిగ్గా అర్థమవుతుంది. 1775లో బర్మింగ్‌హామ్‌లో గోల్డెన్ క్రాస్ అనే సత్రం యజమాని రిచర్డ్ కెట్లీ దగ్గర కొందరు చేరి నెలనెలా డబ్బు వేయడం మొదలుపెట్టారు. పోగైన సొమ్ముతో ఒక్కొక్క సభ్యుడికి ఇల్లు సమకూర్చుతూ పోవడం, అందరికీ అయ్యాక సంఘం మూసేయడం ఇలాంటి సంఘాల పద్ధతి. మన చిట్టీ లాంటిదే. తర్వాత మూసే పని లేకుండా శాశ్వత సంఘాలు వచ్చాయి. నేషన్‌వైడ్ వంటివి ఈనాటికీ ఖాతాదారులే యజమానులుగా నడుస్తున్నాయి.

రెండో ప్రశ్నకు జవాబు ఇంత తేలిగ్గా దొరకలేదు. పోస్టాఫీసు ఆ రెండున్నర శాతాన్ని వందేళ్లు దాటినా పట్టుకుని కూర్చుంది. యుద్ధాల తర్వాత ధరలు పెరుగుతున్నా ఖాతాదారు వడ్డీ మాత్రం కదలలేదు. 1975 ఆగస్టులో ధరల పెరుగుదల 27 శాతానికి చేరువైంది. ఆ లెక్కన ఏడాది కింద 79 పౌండ్లకు వచ్చే సరుకులకు ఇప్పుడు వంద పెట్టాలి. దొంగ ఎవరూ రాలేదు, తాళం ఎవరూ పగలగొట్టలేదు, అయినా పెట్టెలో సొమ్ములో అయిదో వంతు పోయినట్టే. ఆ ఏడాదే ప్రభుత్వం పింఛను వయసువారికి ధరల సూచీతో ముడిపెట్టిన సర్టిఫికెట్లు అమ్మింది. జనం వాటిని ‘గ్రానీ బాండ్లు’ అన్నారు. మనిషికి 500 పౌండ్లే పరిమితి. బ్రిటిష్ పొదుపు చరిత్రలో చిన్నవాడికి దక్కిన నిజాయితీగల బేరాల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. ఆ కోవ సర్టిఫికెట్లు 2011 తర్వాత కొత్తవారికి దొరకడం లేదు.

అంతకు ముందే ఇంకొక వింత బేరం వచ్చింది. 1956 ఏప్రిల్ బడ్జెట్‌లో ఆర్థికమంత్రి హెరాల్డ్ మెక్‌మిలన్ ప్రీమియం బాండ్లు ప్రకటించాడు. అసలు భద్రం, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. వడ్డీ ఎవరికీ విడిగా ఇవ్వరు, అంతా కలిపి నెలనెలా లాటరీ తీస్తారు. ప్రతిపక్షం, చర్చిలు మండిపడ్డాయి. లాటరీ తీసే యంత్రానికి పెట్టిన పొడవాటి పేరును కుదించి ‘ఎర్నీ’ అన్నారు. యుద్ధకాలంలో జర్మన్ రహస్య లిపిని ఛేదించడానికి కొలోసస్ యంత్రాన్ని కట్టిన డాలిస్ హిల్ పోస్టాఫీసు పరిశోధన కేంద్రమే దీన్నీ తయారు చేసింది. నియాన్ గొట్టాల్లో వాయువు అణువులు ఢీకొనే గజిబిజి నుంచి అంకెలు పుట్టేవి. 1957 జూన్ 1న లిథమ్ సెయింట్ ఆన్స్‌లో తొలి డ్రా. పెద్ద బహుమతి వెయ్యి పౌండ్లు. ఇప్పుడు నెలకు ఇద్దరికి చెరో పది లక్షల పౌండ్లు.

పేపర్లలో వచ్చే పది లక్షల కథ ఒకటి, సామాన్యుడి పాస్‌బుక్కు కథ ఒకటి. 2025లో ఒక పౌండు బాండుకు నెలలో ఏదో ఒక బహుమతి వచ్చే అవకాశం 22 వేలలో ఒకటి. వెయ్యి పౌండ్లు పెట్టినవాడికి ఏడాదికి 12 వేల అవకాశాలు. అంటే సగటున 22 నెలలకు ఒక బహుమతి. అదీ చాలావరకు చిన్నదే. లెక్క వేస్తే అలాంటి పదిమందిలో దాదాపు ఆరుగురికి ఏడాదంతా ఒక్క పెన్నీ రాదు. ప్రచారంలో చెప్పే శాతం ఎవరి చేతికీ కచ్చితంగా అందే వడ్డీ కాదు, అందరి మీదా పరిచిన సగటు. బహుమతి మీద పన్ను లేదు కాబట్టి ఎక్కువ సొమ్ము ఉండి, పై శ్లాబులో పన్ను కట్టేవారికి ఇవి కలిసొస్తాయి. పరిమితి 50 వేల పౌండ్లు. వెయ్యి రెండు వేలు దాచుకునే కుటుంబానికి మామూలు సేవింగ్స్ ఖాతాయే మేలు.

1980ల్లో ప్రభుత్వం జనాన్ని షేర్ల వైపు మళ్లించింది. బ్రిటిష్ గ్యాస్ అమ్మకానికి 1986లో ‘సిడ్’ అనే పేరుతో ఊరూవాడా ప్రచారం చేశారు. మరుసటి ఏడాది షేర్ల కోసం ‘పెప్’, 1991లో బ్యాంకు పొదుపు కోసం ‘టెస్సా’ వచ్చాయి. రెండిటినీ కలిపి 1999 ఏప్రిల్ 6న గోర్డన్ బ్రౌన్ తెచ్చింది ‘ఐసా’. ఇందులో వచ్చే వడ్డీకీ లాభానికీ పన్ను లేదు. మొదట్లో ఏడాదికి 7 వేల పౌండ్ల పరిమితి, 2017 నుంచి 20 వేలు.

తాళం ప్రశ్న మాత్రం 2007లో మళ్లీ నడివీధికి వచ్చింది. సెప్టెంబరు 14, శుక్రవారం ఉదయం. నార్తర్న్ రాక్ బ్యాంకు మునుగుతుందన్న భయంతో, సొమ్ము వెనక్కి తీసుకోవడానికి దాని శాఖల ముందు పేవ్‌మెంట్ల పొడవునా వరసలు. పెద్దవాళ్లు మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ఆ వరసలను చూసి తెలివితక్కువతనం అన్నవారున్నారు. కానీ అప్పటి నిబంధన ప్రకారం బ్యాంకు మునిగితే మొదటి 2 వేల పౌండ్లకే పూర్తి పూచీ, తర్వాతి 33 వేలకు 90 శాతం. 35 వేలు దాచుకున్నవారికి వచ్చేది 31,700. మిగతాది పోతుంది. అది తెలిసినవాడు వరసలో నిలబడటమే సబబు. సోమవారం ఆర్థికమంత్రి ఆలిస్టెయిర్ డార్లింగ్ మొత్తానికీ సర్కారు హామీ ప్రకటించాకే వరసలు కరిగాయి. తర్వాత పరిమితి అంచెలంచెలుగా 85 వేలకు పెరిగి, 2025 డిసెంబరు 1 నుంచి లక్షా 20 వేల పౌండ్లయింది.

అయితే ఆ పరిమితి బోర్డు మీది పేరుకు కాదు, లైసెన్సుకు. హాలిఫాక్స్, బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ పేర్లు వేరైనా లైసెన్సు ఒకటే. రెండిట్లో చెరి లక్ష వేసినవాడికి పూచీ లక్షా 20 వేలకే.

ఇంకొక ఉచ్చు పేరులోనే ఉంటుంది. లండన్ క్యాపిటల్ అండ్ ఫైనాన్స్ సంస్థ ఎనిమిది శాతం దాకా వడ్డీ చూపించి, ఐసా ముద్రతో మినీ బాండ్లు అమ్మింది. 2019 జనవరిలో కుప్పకూలింది. 11,600 మందికి చెందిన 23 కోట్ల 70 లక్షల పౌండ్లు చిక్కుకున్నాయి. ఐసా అనేది పన్నుకు గొడుగే తప్ప సొమ్ముకు తాళం కాదని చాలామందికి అప్పుడే తెలిసింది. చివరికి ప్రభుత్వం 80 శాతం మేరకు, మనిషికి గరిష్ఠంగా 68 వేల పౌండ్లు పరిహారమిచ్చింది.

ఇన్ని దెబ్బల తర్వాత బ్రిటన్‌లో జాగ్రత్తగల సామాన్యుడు పాటించే వరస దాదాపు ఇలా ఉంటుంది. ముందు క్రెడిట్ కార్డు అప్పు తీర్చడం. తర్వాత మూడు నుంచి ఆరు నెలల ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకునే ఖాతాలో ఉంచడం. ఏడాది రెండేళ్ల తర్వాత అవసరపడే డబ్బును ఫిక్స్‌డ్ రేటులో వేయడం. అయిదేళ్లు ముట్టుకోనక్కర్లేనిది మాత్రమే, షేర్ల సూచీని అనుసరిస్తూ, రుసుము తక్కువగా ఉండే ట్రాకర్ ఫండులోకి షేర్ల ఐసా ద్వారా పంపడం. షేర్లు పడతాయి, కొన్నేళ్లు కోలుకోకపోవచ్చు కూడా. అందుకే ఆ అయిదేళ్ల గడువు. పాత ఖాతాలో వడ్డీ చప్పుడు లేకుండా తగ్గిపోతుంటుంది కాబట్టి ఏడాదికోసారి చూసుకోవడం కూడా ఈ వరసలో భాగమే.

లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో, మాంచెస్టర్‌లో ఉద్యోగాలు చేసే తెలుగు డాక్టర్లకూ ఇంజినీర్లకూ ఇదే వర్తిస్తుంది. ఒక తేడా ఉంది. తిరిగి ఇండియా వచ్చి స్థిరపడితే పాత ఐసా అలాగే ఉంటుంది గాని అందులో కొత్తగా డబ్బు వేసే వీలుండదు. దాని ఆదాయానికి ఇక్కడ పన్ను మినహాయింపూ లేదు.

బ్రిటన్‌లో కొన్నేళ్లు ఉండి వచ్చిన పెద్దలు ఇంట్లో ఉంటే పాత కాగితాలు ఒకసారి తిరగేయండి. ఎవరూ తీసుకోని ప్రీమియం బాండ్ల బహుమతులు పది కోట్ల పౌండ్లకు పైగా పోగుపడి ఉన్నాయి. చిరునామా మారి కబురు అందనివారి సొమ్ము అందులో చాలా ఉంది. వాటిని అడగడానికి గడువంటూ లేదు.